కరెంటు తీగ మీద కబురు

హైదరాబాదు పాతబస్తీలో లాల్‌దర్వాజా, శాలిబండ, గౌలిపురా పేటల్లోని పాత ఇళ్ళను మీలో కొందరైనా చూసి ఉంటారు. వీధి వైపు ఒక గది, మధ్యలో ఆకాశం కనిపించే వాకిలి, దాని వెనక వసారా, ఆపైన మరో రెండు గదులు. గోడలు రాయితో, డంగుసున్నంతో కట్టినవి. మూరెడు మందం ఉన్న గోడలు కూడా ఉంటాయి. ఎండాకాలంలో ఆ గోడలే ఇంటిని చల్లగా ఉంచుతాయి. కాని 2020వ సంవత్సరంలో అవే గోడలు మా బడి పిల్లవాడొకడి చదువుకు అడ్డం వచ్చాయి.

ఆ ఏడు మార్చిలో కరోనా వల్ల బడులు మూతపడ్డాయి. పాఠాలు ఫోన్లలోకి, టీవీలలోకి చేరాయి. ఆ అబ్బాయి పదో తరగతి. వాళ్ళింట్లో ఇంటర్నెట్ పెట్టె, అంటే రౌటరు, వీధి గదిలో ఉంది. అక్కడ కుట్టుమిషను చప్పుడు, వచ్చేపోయే మనుషులు. నెమ్మదిగా కూర్చుని చదువుకోవడానికి ఉన్నది వెనక గది ఒక్కటే. అక్కడికి వైఫై అందదు. ఒకనాడు ఫోనుచేసి, "సార్, లెక్క మొదలు ఇనబడ్డది, జవాబు ఇనబడ్డది. నడుమ ఏమైందో తెల్వలే" అన్నాడు. లెక్కలో నడుమ భాగం పోతే ఇంకేం మిగులుతుంది?

చివరికి ఆ చిక్కు తీర్చింది గోడలో ఎప్పటినుంచో ఉన్న కరెంటు తీగ. ఎలాగో చూద్దాం.

గోడ ఎందుకు అడ్డం?

వైఫై అంటే రేడియో తరంగాలు. ఒక సెకనులో జరిగే కంపనాల సంఖ్యను పౌనఃపున్యం అంటారనీ, దాని ప్రమాణం హెర్ట్జ్ అనీ మీరు చదువుకున్నారు. వైఫైలో ఎక్కువగా వాడే ఒక రకం తరంగం పౌనఃపున్యం 2.4 గిగాహెర్ట్జ్. అంటే సెకనుకు 240 కోట్ల కంపనాలు. ఈ తరంగం గాలిలో సులువుగా సాగిపోతుంది. మందపాటి రాతిగోడ ఎదురైతే దాని శక్తిలో కొంత గోడలోనే ఇంకిపోతుంది, కొంత పరావర్తనం చెంది వెనక్కి మళ్ళుతుంది. గోడ చెమ్మగిల్లి ఉంటే నష్టం ఇంకా ఎక్కువ. మొదటి గోడ దాటగా మిగిలినదానిలో మళ్ళీ కొంత భాగమే రెండో గోడ దాటుతుంది.

మరి గోడను దాటి పోయే దారి ఇంట్లో ఏదీ లేదా? ఉంది. అది కరెంటు తీసుకుపోయే రాగి తీగ. వెనక గదిలో ఫ్యాను తిరుగుతోందంటే ఆ గదికి తీగ చేరినట్లే కదా!

రెండూ కలిసిపోవా?

"మాస్టారూ, ఆ తీగలో 230 వోల్టుల కరెంటు ఉంది. కబురు కూడా అందులోనే పంపితే రెండూ కలిసిపోవా?" అని మీరు అడగవచ్చు. మంచి ప్రశ్న. కలుస్తాయి. కాని కలిసినవాటిని మళ్ళీ విడదీయవచ్చు.

బోనాల ఊరేగింపు గుర్తు తెచ్చుకోండి. డప్పులు మోగుతుంటాయి. మధ్యలో ఎవరో ఈల వేస్తారు. రెండు ధ్వనులూ ఒకే గాలిలో, ఒకేసారి మీ చెవిని చేరతాయి. అయినా ఏది డప్పో, ఏది ఈలో మీకు ఇట్టే తెలుస్తుంది. డప్పుది తక్కువ పౌనఃపున్యం, ఈలది ఎక్కువ పౌనఃపున్యం.

తీగలోనూ ఇంతే. మన ఇళ్ళకు వచ్చే ఏకాంతర విద్యుత్తు పౌనఃపున్యం 50 హెర్ట్జ్. కబురు మోసే తరంగానిది 20 మెగాహెర్ట్జ్ అనుకుందాం. అంటే సెకనుకు 2 కోట్ల కంపనాలు. భాగించి చూడండి: 4 లక్షలు వస్తుంది. కరెంటు ఒక్కసారి కంపించేలోగా కబురు తరంగం 4 లక్షల సార్లు కంపిస్తుంది!

ఇప్పుడు ఒకదాన్ని ఆపి, రెండోదాన్ని పోనిచ్చే ద్వారపాలకుడు కావాలి. ఆ పని కెపాసిటర్ చేస్తుంది. ఏకాంతర విద్యుత్తుకు కెపాసిటర్ కలిగించే అవరోధాన్ని ఇలా లెక్కగడతారు:

అవరోధం = 1 ÷ (2 × 3.14 × పౌనఃపున్యం × కెపాసిటన్స్)

10 నానోఫారడ్‌ల కెపాసిటర్ తీసుకుందాం. 50 హెర్ట్జ్ దగ్గర దాని అవరోధం సుమారు 3 లక్షల 18 వేల ఓమ్‌లు. 20 మెగాహెర్ట్జ్ దగ్గర 0.8 ఓమ్ మాత్రమే! ఇంటి కరెంటుకు అది దాదాపు మూసిన తలుపు, కబురు తరంగానికి తెరిచిన తలుపు.

పాత ఉపాయమే

ఈ ఉపాయం నిన్న మొన్న పుట్టింది కాదు. 1959లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విద్యుత్ మండలి వంటి సంస్థల ఇంజనీర్లు ఒక సబ్‌స్టేషన్ నుంచి మరో సబ్‌స్టేషనుకు హైటెన్షన్ తీగల మీదనే మాట్లాడుకునేవారు. ఈ పద్ధతిని పవర్‌లైన్ క్యారియర్ అంటారు. పెద్ద సబ్‌స్టేషన్ ముందునుంచి వెళ్ళినప్పుడు కంచె బయటే నిలబడి చూడండి. కొన్ని లైన్లకు డోలు ఆకారంలో పెద్ద తీగచుట్ట అమర్చి ఉంటుంది. అది వేవ్ ట్రాప్, అంటే తరంగాలకు పెట్టిన బోను. తీగచుట్ట గుణం కెపాసిటర్‌కు తారుమారు. అది 50 హెర్ట్జ్ విద్యుత్తును పోనిచ్చి, కబురు తరంగాన్ని ఆపుతుంది.

ఇళ్ళలో వాడే పరికరాలకు హోమ్‌ప్లగ్ అనే మొదటి ప్రమాణం 2001లో వచ్చింది. 2005లో వచ్చిన హోమ్‌ప్లగ్ ఏవీ ప్రమాణం దాదాపు 2 నుంచి 28 మెగాహెర్ట్జ్ వరకు గల తరంగాలను వాడుతుంది. ఈ పరికరాలను పవర్‌లైన్ అడాప్టర్లు అంటారు. ఇవి జతగా పనిచేస్తాయి. ఒకటి రౌటరు పక్క సాకెట్టులో, రెండోది కావలసిన గదిలో పెడతారు.

గల్లీల ఉపాయం

కరెంటు తీగ మీద రణగొణ ఎక్కువ. మిక్సీ, ఫోను చార్జరు, చవకరకం ఎల్‌ఈడీ దీపం కూడా తీగలోకి అనవసర తరంగాలను వదులుతాయి. పత్తర్‌గట్టి రోడ్డు కిక్కిరిసినప్పుడు సామాన్లు మోసేవాళ్ళు ఏం చేస్తారు? సరుకును పంచుకొని తలా ఒక గల్లీ పడతారు. అడాప్టరూ కబురును ముక్కలుచేసి, వందలకొద్దీ వేర్వేరు పౌనఃపున్యాల మీద ఒకేసారి పంపుతుంది. రణగొణ ఉన్న పౌనఃపున్యం మీద తక్కువ బరువు వేసి, ఖాళీగా ఉన్నదాని మీద ఎక్కువ వేస్తుంది.

మొదటిరోజు పనిచేయలేదు!

మా విద్యార్థి ఇంట్లో అడాప్టర్లు తెచ్చి పెట్టారు. వెనక గదిలో దీపం వెలగలేదు. "చెడిపోయిన సరుకు ఇచ్చిండ్రు సార్" అన్నాడు. తొందరపడవద్దని చెప్పాను. ఒకసారికి ఒక్క మార్పే చేయాలి, ఫలితం చూడాలి. శాస్త్రంలో మన పద్ధతి అదే కదా.

మొదట రెంటినీ వీధి గదిలోనే వేర్వేరు గోడ సాకెట్లలో పెట్టించాను. పనిచేశాయి. కాబట్టి సరుకు మంచిదే. తరువాత ఒకదాన్ని వెనుకటిలాగే స్పైక్ గార్డ్ ఉన్న ఎక్స్‌టెన్షన్ బోర్డులో పెట్టమన్నాను. వేగం పడిపోయింది. స్పైక్ గార్డ్‌లోని వడపోత అనవసర తరంగాలతోపాటు మన కబురునూ మింగేస్తోంది. అది తీసి గోడ సాకెట్టులోనే పెట్టినా వెనక గదిలో ఫలితం లేదు. అప్పుడు అడిగాను: "వెనక గదికి కరెంటు ఏ మీటరు నుంచి వస్తోంది?" "అది మా చిన్నాయన మీటరు సార్. పంపకాలప్పుడు వేరు చేసిండ్రు" అన్నాడు.

అదీ సంగతి! వీధి స్తంభం మీద మూడు ఫేజుల తీగలుంటాయి. ఆ రెండు మీటర్లూ వేర్వేరు ఫేజుల మీద ఉన్నాయి. ఒక ఫేజు నుంచి మరో ఫేజుకు కబురు చేరేసరికి చాలా బలహీనపడుతుంది. వసారాలో వాళ్ళ సొంత మీటరు సాకెట్టు ఒకటి ఉంది. రెండో అడాప్టర్ అక్కడికి మారింది. అది వైఫైని కూడా వెదజల్లే రకం. వసారా నుంచి తెరిచిన తలుపుగుండా తరంగం వెనక గదికి చేరింది. ఆ రోజు లెక్క నడుమ కూడా వినబడింది.

గుర్తుంచుకోండి

డబ్బా మీద రాసిన వేగం ఇంట్లో రాదు. పాత తీగలు, వదులైన అతుకులు దాన్ని బాగా తగ్గిస్తాయి. ల్యాన్ తీగ లాగడానికి వీలుంటే అదే మేలు. తరంగం మీటరు దాటి కొంత పొరుగింటికీ పోవచ్చు. అందుకే రెండు అడాప్టర్లకూ జత కలిపే బొత్తాం నొక్కి రహస్య సంకేతం అమర్చుకోవాలి.

అన్నిటికంటె ముఖ్యం: 230 వోల్టులు ప్రాణం తీస్తాయి. అడాప్టర్‌ను గాని, స్విచ్‌బోర్డును గాని మీరు విప్పకూడదు. సాకెట్టు వదులుగా ఉన్నా, వేడెక్కినా, నల్లబడినా దాన్ని వాడకండి. పెద్దలకు చెప్పి ఎలక్ట్రీషియన్‌ను పిలిపించండి.

చేసి చూడండి

1. బ్యాటరీతో నడిచే రేడియోను మీడియం వేవ్‌లో, ఏ కేంద్రమూ రానిచోట ఉంచండి. అమ్మ మిక్సీ వేస్తున్నప్పుడు దగ్గరికి తీసుకువెళ్ళండి. ఏం వినిపిస్తుంది? ఎందుకు?

2. పైన ఇచ్చిన కెపాసిటర్‌కు 2 మెగాహెర్ట్జ్ దగ్గర అవరోధం ఎంతో లెక్కగట్టండి.

3. మీ ఇంట్లో ఏ గదికి కరెంటు ఏ మీటరు నుంచి వస్తోందో పెద్దలను అడిగి బొమ్మ గీయండి.