దృశ్యకళలో చలనం: మచిలీపట్నం కలంకారీ

కదలని చిత్రంలోని రేఖ, వర్ణం, పునరావృతి చూపరి దృష్టిని ఒక క్రమంలో నడిపించడాన్ని రూపకల్పనలో 'చలనం' అంటారు. మచిలీపట్నం, పెడన ప్రాంతాల కలంకారీ ఈ సూత్రానికి చక్కని ఉదాహరణ. గోల్కొండ పాలకుల ఆదరణతో, పారశీక అలంకరణల ప్రభావంతో ఎదిగిన ఈ అద్దకంలో, చెక్క అచ్చు అంచున ఆగిన తీగ వంపు పక్క అచ్చులో కొనసాగడం వల్ల చూపు ఎక్కడా నిలవక వస్త్రమంతటా సాగుతుంది. ఇనుప ద్రావణంతో వచ్చే నలుపు, పటికతో నిలిచే ఎరుపు ఒకదాని వెంట ఒకటి వచ్చి ఆ గమనానికి లయను సమకూరుస్తాయి.

గుర్తుంచుకోవలసిన భేదం: మచిలీపట్నం శైలిలో అచ్చులు ప్రధానం కాగా, శ్రీకాళహస్తి శైలిలో కలంతో చేతిగీత ప్రధానం; భౌగోళిక గుర్తింపు రెండింటికీ ఉంది.