ప్రసవానంతర ఋతుధర్మం

ఋతుమతికి మన కావ్యభాషలో 'పుష్పవతి' అనే అందమైన పర్యాయపదం ఉన్నది. మామిడితోటల నడుమ పెరిగిన నూజివీడు ప్రాంతీయులకు ఈ పదం బోధపడడానికి నిఘంటువు అక్కరలేదు. అయితే బాలింత విషయంలో ఈ పోలికను నమ్ముకొనడం ప్రమాదకరం. చిన్నరసం చెట్టుకు ముందు పూత, పిమ్మట పిందె. బాలింతకు పూత కనబడకుండానే పిందె కట్టవచ్చును. పత్రికలో ఇట్టి సంగతి వ్రాయదగునా అని సంకోచించే పెద్దలు క్షమింతురు గాక.

కారణం సులభగ్రాహ్యమే. అండం విడుదలైన సుమారు 14 రోజులకు గాని ముట్టు కనబడదు. కనుక తొలి ముట్టుకు ముందే అండం విడుదలై గర్భం నిలువవచ్చును. ముట్టు రాకపోవడం పాలిచ్చే తల్లికి సహజమేనని ఇంటివారు సరిపెట్టుకొంటారు. నెలలు గడచి కడుపు కనబడిన పిమ్మట గాని సంగతి తెలియదు. అప్పటికి ఒడిలో ఒకరు, కడుపులో ఒకరు! కాన్పుకు, తదుపరి గర్భధారణకు నడుమ కనీసం 24 నెలల ఎడం ఉండవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా.

పాలిచ్చినంత కాలం గర్భం రాదనే నమ్మకం పూర్తిగా అబద్ధం కాదు. బిడ్డ పాలు కుడిచినప్పుడు తల్లిలో ప్రొలాక్టిన్ అనే హార్మోను పెరుగుతుంది. అండాశయాలను మేల్కొలిపే సంకేతాలు మందగిస్తాయి. 1988లో ఇటలీలోని బెల్లాజియోలో సమావేశమైన నిపుణులు ఇందువలన 98 శాతం రక్షణ కలదని తేల్చారు. కాని దానికి మూడు షరతులు: బిడ్డకు ఆరు నెలలు నిండకుండడం, ముట్టు తిరిగి రాకుండడం, రాత్రింబవళ్లు తల్లిపాలే దాదాపు ఏకైక ఆహారం కావడం. కోతల కాలంలో బిడ్డను అవ్వకు అప్పగించి తోటపనికి పోయే తల్లికి ఆ మూడవ షరతు ఎక్కడ నిలుస్తుంది? బొత్తిగా పాలివ్వని వారికి ఆరు, ఎనిమిది వారాలకే ముట్టు రావచ్చును.

ఇక నలభై రోజుల చిల్లా సంగతి. పురుటి రక్తస్రావం సాధారణంగా నాలుగు నుండి ఆరు వారాలలో తగ్గుతుంది గనుక ఈ గడువు అనుభవసిద్ధమే. అయితే నలభైవ రోజు స్నానంతో నిఫాస్ తీరుతుందే గాని, పోయిన రక్తం తిరిగి రాదు. కాన్పు తరువాత 180 రోజులపాటు ఇనుము, ఫోలిక్ ఆమ్లం మాత్రలు రోజుకొకటి వేసికొనుమనడం అందుకే. బాలింతకు విశ్రాంతినిచ్చే ఆచారాన్ని మెచ్చుకొంటాము. దాహానికి నీళ్లివ్వని పథ్యాన్ని మాత్రం మేము సమర్థించలేము. గంటకొక గుడ్డ తడిసిపోయినా, జ్వరమో దుర్వాసనో కనబడినా, రోజులు లెక్కించక వెంటనే ఆసుపత్రికి తీసికొనిపోవలెను.

ఎడం కోరే పాలిచ్చే తల్లులకు హార్మోను లేని 'ఛాయ' మాత్రలు ప్రభుత్వ కుటుంబ నియంత్రణ కార్యక్రమంలో ఉచితం. ముట్టు వచ్చిన తరువాత అడుగుదామని ఆగవలసిన పని లేదు.