దిబ్బను నిలిపే చిన్న ప్రాణులు

ప్లేనోలో ఉన్న మనకు సముద్రం దూరమే. కారులో దక్షిణ దిక్కుగా సుమారు ఏడు గంటలు ప్రయాణం చేస్తే పాడ్రే దీవి వస్తుంది. ఇది మెక్సికో సింధుశాఖ ఒడ్డున సన్నగా, పొడవుగా ఉన్న ఇసుక దీవి. దీని పొడవు సుమారు 180 కిలోమీటర్లు. ఇటువంటి దీవిని 'అడ్డుదీవి' అనవచ్చు. తుఫాను అలలు నేలను తాకకుండా ఇది గోడవలె అడ్డు నిలుస్తుంది. ఆంధ్రదేశంలో కాకినాడ ఎదుట ఉన్న హోప్ దీవి కూడ ఇటువంటి పనే చేస్తున్నది. 1962లో అమెరికా ప్రభుత్వం చట్టం చేసి, పాడ్రే దీవిలో పెద్ద భాగాన్ని రక్షిత తీరంగా ఏర్పరచింది.

ఇసుక గాలికి ఎగిరిపోతుంది కదా! మరి దిబ్బ ఎలా నిలుస్తున్నది?

దిబ్బపై 'సీ ఓట్స్' అనే పొడవైన గడ్డి పెరుగుతుంది. అది గాలి వేగాన్ని తగ్గిస్తుంది. అప్పుడు ఇసుక దాని మొదట్లో రాలుతుంది. గడ్డి ఆ ఇసుకలో పూడిపోయినా చావదు; మరల పైకి పెరుగుతుంది. దానితోపాటు దిబ్బ కూడ పెరుగుతుంది. ప్రక్కనే మేక గిట్టవంటి ఆకులు, ఊదారంగు పువ్వులు గల తీగ ప్రాకుతుంది. ఆంధ్రతీరంలో దీనినే బాలబంద తీగ అంటారు. రెండు తీరాలలోను ఒకే తీగ!

ఈ దిబ్బలలో కంగారూ ఎలుక ఉంటుంది. పగలు బొరియలో పడుకొని, రాత్రి వెనుకకాళ్లపై గెంతుతూ తిరుగుతుంది. గింజలను బుగ్గ సంచులలో నింపుకొని పోయి ఇసుకలో దాస్తుంది. అది తినక మిగిలిన గింజలలో కొన్ని మొలకెత్తుతాయి. తెల్లని ఇసుక పీత కూడ బొరియలోనే ఉంటుంది. దాని కళ్లు కాడలపై నిలిచి ఉంటాయి. అది ఒడ్డున పడిన చచ్చిన చేపలను తిని తీరాన్ని శుభ్రపరుస్తుంది.

వేసవిలో కెంప్స్ రిడ్లీ తాబేళ్లు ఇక్కడికి వచ్చి గ్రుడ్లు పెడతాయి. ఇవి చాలా అరుదైనవి. 1978 నుండి 1988 వరకు శాస్త్రజ్ఞులు మెక్సికో నుండి గ్రుడ్లను తెచ్చి ఈ దీవిలో పొదిగించారు. ఆ పిల్లలలో కొన్ని పెద్దవై, ఈ తీరానికే తిరిగి వచ్చి గ్రుడ్లు పెట్టాయి. ఆంధ్రతీరానికి వచ్చే ఆలివ్ రిడ్లీ తాబేళ్లు వీటికి దగ్గరి బంధువులు.

1980 ఆగస్టులో 'అలెన్' అనే పెను తుఫాను పాడ్రే దీవి దక్షిణభాగాన్ని అనేకచోట్ల కోసివేసింది. గడ్డి, తీగ మిగిలినచోట దిబ్బ మరల పెరుగగలదు. గడ్డి నశించినచోట గాలి ఇసుకను ఎత్తుకొని పోతుంది. ఒకరు త్రొక్కిన దారిలో పదిమంది నడుస్తారు. గడ్డి చస్తుంది. ఆ బాటయే తుఫాను నీటికి త్రోవ అవుతుంది.

కనుక మీరు సముద్రతీరానికి వెళ్లినప్పుడు దిబ్బలపై ఎక్కవద్దు. ఏర్పాటు చేసిన దారిలోనే నడవండి. గడ్డి కంకులను కోయవద్దు. బొరియలను పూడ్చవద్దు. ఉదయాన ఇసుకపై చిన్న అడుగుల జాడలు వెదకండి. అక్కడ కాపురం ఉన్నవారెవరో తెలుస్తుంది.

క్రొత్త పదములు
సింధుశాఖ: నేలలోనికి చొచ్చుకొని వచ్చిన సముద్రభాగం
బొరియ: జంతువు నేలలో చేసుకొన్న కన్నం
జాడ: గుర్తు, ఆనవాలు

ప్రశ్నలు
1. అడ్డుదీవి నేలను ఎట్లు కాపాడుతుంది?
2. గడ్డి, ఇసుక ఒకదానికొకటి ఎట్లు తోడ్పడుతున్నవి?
3. దిబ్బపై ఒక్కరు నడిస్తే ఏమవుతుందని వాదించే మిత్రునికి మీరేమి చెప్పుదురు? ఐదు వాక్యాలలో వ్రాయండి.