ఇంటి ముంగిట వైద్యం – ఎలక్ట్రానిక్ ఆరోగ్య రికార్డు
(ఓర్వకల్లు మండలాన్ని దృష్టిలో ఉంచుకొని ఒక పరిశీలన)

కర్నూలు నుండి నంద్యాలకు పోవు రహదారిపై ఓర్వకల్లు ఉన్నది. రాతివనానికి, మహిళల పొదుపు సంఘాలకు, 2021 మార్చిలో ప్రారంభమైన విమానాశ్రయానికి ఆ ఊరు పేరుపొందినది. ఆ మండలంలోని నన్నూరు, కాల్వ, హుసేనాపురం వంటి గ్రామాలలో దీర్ఘవ్యాధితో బాధపడు వృద్ధులున్న ఇంటికి పోయి, “అవ్వా, నీ మందుల చీటీ ఏదీ?” అని అడిగితే సాధారణంగా గోడమేకుకు తగిలించిన ఒక ప్లాస్టిక్ సంచి కిందికి దిగుతుంది. అందులో ఏళ్ల తరబడి పోగైన చీటీలు, రక్తపరీక్షల కాగితాలు, ఖాళీ అయిన మాత్రల అట్టలు కలగాపులగంగా ఉంటవి. ఆ సంచియే ఆ మనిషి ఆరోగ్య చరిత్ర. దానిని చదువగలిగినవారు మాత్రం ఆ ఇంటిలో ఉండరు.

ఒక ఉదాహరణ ఊహించుకొందము. హుసేనాపురంలో మహబూబ్‌బీ అను డెబ్బది ఏళ్ల అవ్వ ఉన్నదనుకొందము. ఆమెకు రక్తపోటు, మధుమేహం రెండూ ఉన్నవి. గ్రామంలోని ఆరోగ్య కేంద్రంలో ఇచ్చిన అమ్లోడిపిన్ మాత్ర ఆమె దినమూ వేసుకొంటున్నది. మనుమడు పట్టణానికి తీసుకొనిపోయి మరొక వైద్యునికి చూపించగా, ఆయన అదే మందును వేరొక వ్యాపార నామంతో వ్రాసినాడు. రెండు అట్టల రంగులు వేరు, పేర్లు వేరు. కనుక అవ్వ రెండూ వేసుకొన్నది. రక్తపోటు మితిమీరి తగ్గినది. తెల్లవారుజామున లేచి నడువబోయి కళ్లు తిరిగి పడితే తుంటి ఎముక విరుగుటకు ఎంతో సేపు పట్టదు. ఇందులో ఏ వైద్యునిదీ అజ్ఞానం కాదు, అవ్వది నిర్లక్ష్యమూ కాదు. ఒకరు వ్రాసినది మరొకరికి తెలియకపోవుటయే ఇక్కడి దోషం. ఈ దోషాన్ని తొలగించుటకు ఏర్పడిన సాధనమే ఎలక్ట్రానిక్ ఆరోగ్య రికార్డు. ఇంటివద్ద అందించు వైద్యసేవలో దాని స్థానమేమి, దానిని స్వీకరించుటలో మన ప్రాంతానికి గల చిక్కులేవి అను విషయాలను ఈ వ్యాసంలో పరిశీలింతము.

రికార్డు అనగానేమి?

ఒక ఆసుపత్రి తన సౌకర్యం కొరకు కంప్యూటరులో వ్రాసుకొన్నది ఆ ఆసుపత్రి రికార్డు మాత్రమే. రోగి గడప దాటితే అది వెంట రాదు. ఆరోగ్య రికార్డు అట్లు కాదు. అది మనిషిని అంటిపెట్టుకొని, ఉపకేంద్రం నుండి పెద్దాసుపత్రికి, అక్కడ నుండి తిరిగి ఇంటికి ప్రయాణించవలెను. ఇంటివద్ద వైద్యానికి ఈ రెండవదే అవసరం. ఏలయన, ఆసుపత్రిలో రోగి ఒకచోట ఉండి వైద్యులు మారుతారు. ఇంటివద్దనో, ఆశా కార్యకర్త, ఏ.ఎన్.ఎం., ఆరోగ్యాధికారి, వైద్యుడు వేర్వేరు దినాలలో వచ్చిపోతారు. వారందరూ ఒకరితో ఒకరు మాట్లాడుకొను తావు ఆ రికార్డు ఒక్కటే.

రికార్డు వ్రాయు పద్ధతిని గూర్చి అమెరికా వైద్యుడు లారెన్స్ వీడ్ 1968లో ప్రకటించిన ప్రతిపాదన నేటికీ ఆధారంగా ఉన్నది. వ్యాధి సమస్యలను వరుసగా పేర్కొని, ఒక్కొక్కదాని కింద నాలుగు అంశాలు వ్రాయవలెనని ఆ పద్ధతి. మన ఉదాహరణకు దానిని అన్వయింతము.

రోగి చెప్పినది: మూడు దినాలుగా లేవగానే కళ్లు తిరుగుతున్నవి.
చూచినది: రక్తపోటు కూర్చున్నపుడు 110/70, నిలుచున్నపుడు 88/60. పాదాలకు వాపు.
అంచనా: ఒకే మందు రెండు పేర్లతో వాడుచున్నట్లున్నది.
చేయవలసినది: వెంటనే వైద్యునికి తెలిపి ఆయన సలహా ప్రకారం మందు సరిచేయవలెను. రెండు దినాలలో మరల చూడవలెను.

ఈ నాలుగు పంక్తులు కాగితంపైనైనా వ్రాయవచ్చును. కాని పలకలాంటి ట్యాబ్‌లో వ్రాసినపుడు వైద్యుడు తానున్న చోటనే చూడగలడు. రెండు దినాల తరువాత ఎవరు వచ్చినా “మరల చూడవలెను” అను మాట వారి కంట పడుతుంది. ఎలక్ట్రానిక్ పద్ధతి వలన కలుగు ముఖ్యమైన లాభం ఇదియే.

మన రాష్ట్రంలో జరిగిన కృషి

ఈ విషయంలో తెలుగునేల వెనుకబడినది కాదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి 3 కిలోమీటర్లకు మించి దూరమున్న పల్లెలకు నెలకొకసారి పోవు 104 సంచార వైద్య వాహనాలు ఉమ్మడి రాష్ట్రంలో 2008లో బయలుదేరినవి. రక్తపోటు, మధుమేహం, గర్భిణీల పరీక్ష వాటి ప్రధాన కార్యాలు. 2016లో ఏ.ఎన్.ఎం.ల చేతికి ట్యాబ్‌లనిచ్చి, తల్లీబిడ్డల వివరాలు నమోదుచేయు ‘అన్‌మోల్’ అను విధానాన్ని దేశంలో మొదట చేపట్టిన రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్ ఉన్నది. అటుపిమ్మట 30 ఏళ్లు దాటిన వారందరికీ రక్తపోటు, మధుమేహం, నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లకు పరీక్షలు జరిపి నమోదుచేయు జాతీయ కార్యక్రమం వచ్చినది. 2019లో ఆరంభమైన ఈ-సంజీవని ద్వారా పల్లెలోని ఆరోగ్యాధికారి దూరాన ఉన్న వైద్యునితో రోగిని మాట్లాడించు వీలు కలిగినది. 2022 అక్టోబరులో ప్రయోగాత్మకంగానూ, 2023 ఏప్రిల్‌లో పూర్తిస్థాయిలోనూ మొదలైన కుటుంబ వైద్యుని పథకంలో, వైద్యుడు నెలకు రెండు పర్యాయాలు గ్రామానికి వచ్చి, మంచంపట్టిన వారిని వారి ఇంటివద్దనే చూడవలెనని నిర్ణయించినారు.

వీటన్నిటినీ ఒక తాటిపైకి తెచ్చుటకు 2021 సెప్టెంబరు 27న ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ దేశమంతటా ప్రారంభింపబడినది. దీనిలో ప్రతి వ్యక్తికి ‘ఆభా’ అను 14 అంకెల సంఖ్య ఉంటుంది. ఈ సంఖ్యను తీసుకొనుట ఐచ్ఛికం. ఇందులో గ్రహింపదగిన విశేషమేమనగా, రికార్డులన్నీ ఒకేచోట కుప్పపోయబడవు. ఎక్కడ వ్రాసినది అక్కడనే ఉంటుంది. రోగి అనుమతి ఇచ్చినపుడు మాత్రమే ఒకచోటి నుండి మరొకచోటికి పోతుంది. అనగా తాళంచెవి రోగి చేతిలో ఉండవలెనన్నది సిద్ధాంతం. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం కూడా సమ్మతికి ప్రాధాన్యమిచ్చినది.

ఆచరణలోని చిక్కులు

సిద్ధాంతం పల్లెకు దిగివచ్చునప్పటికి కొన్ని ముడులు పడుతున్నవి.

మొదటి ముడి పేరు. మహబూబ్‌బీ ఒక కార్డులో ‘షేక్ మహబూబ్ బీ’, మరొకదానిలో ‘ఎస్. మహబూబీ’, ఇంకొకదానిలో ‘మెహబూబ్ బి షేక్’. ఉర్దూలో ఒకే విధంగా వ్రాయు పేరు తెలుగులోనికి, అక్కడ నుండి ఆంగ్లంలోనికి మారునప్పుడు మూడు రూపాలు దాల్చుతుంది. పుట్టినతేదీ తెలియని వృద్ధులకు ఎవరో వేసిన జనవరి ఒకటియే పుట్టినదినం. ఇంటిల్లిపాదికీ ఒకటే ఫోను. ఇట్టి స్థితిలో యంత్రం ఒక మనిషిని ముగ్గురిగా చూడవచ్చును, లేక ఇద్దరిని ఒకరుగా కలిపివేయవచ్చును. మొదటి దానివలన చరిత్ర చీలిపోతుంది. రెండవ దానివలన ఒకరి మందు మరొకరికి పోతుంది. ఇది మరింత ప్రమాదం. కావున పేరొక్కటే గాక, భర్త లేక తండ్రి పేరు, వయస్సు, ఇంటి గుర్తు సరిచూచిన మీదటనే నమోదు ప్రారంభింపవలెను.

రెండవ ముడి భాష. మన పల్లెలలో ఒకే వ్యాధిని ‘షుగరు’ అనువారు, ‘చక్కెర జబ్బు’ అనువారు, ‘షక్కర్ కీ బీమారీ’ అనువారు పక్కపక్క ఇండ్లలోనే ఉన్నారు. యంత్రానికి ఈ మాటలు మూడు వ్యాధులు కాకూడదు. అందుకే ప్రతి వ్యాధికి ఒక సంకేత సంఖ్యను ఏర్పరచిన స్నోమెడ్ సి.టి. అను అంతర్జాతీయ పదకోశంలో భారతదేశం 2014లో సభ్యత్వం తీసుకొన్నది. లోపల సంకేతం ఒకటే అయినను, రోగి చేతికిచ్చు కాగితం మాత్రం ఆమె చదువు భాషలో ఉండవలెను. 2022లో మన రాష్ట్రం ఉర్దూను రెండవ అధికార భాషగా చట్టబద్ధం చేసినది. మందుల చీటీ ఉర్దూలోనూ వెలువడిననాడు ఆ చట్టం ఆ అవ్వ ఇంటి గడప తొక్కినట్లగును.

మూడవ ముడి కాలం. ఒక ఏ.ఎన్.ఎం. దినానికి 12 ఇండ్లు చూచునని అనుకొందము. ప్రతి ఇంటివద్ద నమోదుకు 10 నిమిషాలు పట్టినచో రెండు గంటలు తెర మీదనే గడచిపోవును. అదే వివరం రిజిస్టరులో మరల వ్రాయవలసివస్తే మూడు, నాలుగు గంటలు. అంతసేపూ రోగి ముఖం చూచువారెవరు? యంత్రం వచ్చినపుడు పాత రిజిస్టరును తొలగించకపోతే అది సాయం కాదు, రెట్టింపు చాకిరి. సంకేతం అందని చోట కూడా వ్రాసుకొని, తరువాత పంపు వీలుండుట మరొక తప్పనిసరి నియమం.

నాలుగవ ముడి గోప్యం. పల్లెలో ఆశా కార్యకర్త ట్యాబ్ తెరచినదంటే చుట్టుపక్కల వారు మూగుతారు. క్షయ, మానసిక వ్యాధి, స్త్రీల గర్భస్రావం వంటి వివరాలు నలుగురి కంట పడితే ఒక ఇంటి పరువు, ఒక పిల్ల పెండ్లి చిక్కులో పడగలవు. తాళం వేయని తెర తలుపు లేని ఇల్లు వంటిది. అంతేగాక, రోగి ఫోనుకు వచ్చిన సంకేత సంఖ్యను అడిగి తీసుకొనుటయే సమ్మతి కాదు. అది దేనికో ఆమెకు తెలిసే భాషలో చెప్పి, ఆమె సరేనన్న తరువాతనే తీసుకొనుట సమ్మతి.

ఇతరుల అనుభవం

అమెరికాలో 2009 నాటి చట్టం ఆసుపత్రులకు, వైద్యులకు ఎలక్ట్రానిక్ రికార్డుల కొరకు భారీ ప్రోత్సాహకాలిచ్చినది. ఇండ్లకు పోయి సేవచేయు సంస్థలు మాత్రం ఆ ప్రోత్సాహకాలకు అర్హత పొందలేదు. ఇంటివద్ద వైద్యం అక్కడ కూడా సవతి బిడ్డయే అయినది. దీనికి భిన్నంగా, నెదర్లాండ్స్‌లో 2006లో ఏర్పడిన బ్యూర్ట్‌జోర్గ్ అను సంస్థలో, ఇండ్లకు పోవు నర్సులే చిన్న బృందాలుగా తమ పనిని తాము నడుపుకొంటారు. నమోదు విధానం కూడా వారి పనికి అనుగుణంగా అమర్చబడినది. పనిచేయువారి కొరకు యంత్రమే గాని, యంత్రం కొరకు పనిచేయువారు కాదని దీనివలన తెలియుచున్నది.

మన రాష్ట్రంలోనే మరొక విలువైన పాఠం ఉన్నది. పశ్చిమ గోదావరి జిల్లాలో 18 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల పరిధిలో, ఆశా కార్యకర్తలకు ట్యాబ్‌లనిచ్చి, గుండెజబ్బు ముప్పు ఉన్నవారిని గుర్తించి వెంబడించు పద్ధతిని పరిశోధకులు పరీక్షించినారు. 2019లో ప్రకటించిన ఫలితం ప్రకారం, ఆ పద్ధతి అమలైన కాలానికీ, కాని కాలానికీ రక్తపోటు అదుపులో గణనీయమైన తేడా కనిపించలేదు. దీనినిబట్టి ట్యాబ్ వ్యర్థమని తలపరాదు. రోగిని గుర్తించుట ఒక మెట్టు మాత్రమే. వైద్యుని దర్శనం, నెలనెలా తప్పని మందు, వేసుకొన్నారా లేదా అను విచారణ తరువాతి మెట్లు. రికార్డు మందును గుర్తుచేయగలదు గాని, మందు కాజాలదు.

ఓర్వకల్లు నేర్పిన పాఠం

ఇంత దూరం పోయి వెదకిన సమాధానం ఓర్వకల్లులోనే కొంత ఉన్నదని మాకు తోచుచున్నది. 1990ల మధ్యలో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమ సహాయంతో కర్నూలు, అనంతపురం, మహబూబ్‌నగర్ జిల్లాలలో నడచిన దారిద్ర్య నిర్మూలన పథకంలో ఈ మండలం ఒకటి. ఆ కాలంలో ఇక్కడి స్త్రీలు పొదుపు సంఘాలుగా ఏర్పడి దేశమంతట పేరు తెచ్చుకొన్నారు. క్రమం తప్పని సమావేశం, పొదుపు, అప్పు, తిరిగి చెల్లింపు, పుస్తక నిర్వహణ అను పంచసూత్రాలు సంఘాలకు ప్రాణం. వారిలో చాలామంది అక్షరం రానివారు. అయినను లెక్క తప్పకపోవుటకు కారణమేమి? వ్రాసిన లెక్కను సమావేశంలో అందరూ వినునట్లు చదివేవారు. తన పేరిట ఎంతున్నదో ప్రతి సభ్యురాలికీ నోటికి తెలియును.

ఆరోగ్య రికార్డుకూ ఇదే సూత్రం వర్తింపజేయవలెనని మా అభిప్రాయం. తేడా ఒక్కటే. సంఘం లెక్క పదిమందిలో చదువవలెను, ఆరోగ్యం లెక్క ఆ ఒక్కరికే చదివి వినిపింపవలెను. నమోదు ముగిసిన పిమ్మట, “అవ్వా, నీ బీ.పీ. ఇంత ఉంది, ఈ మాత్ర ఒకటే వేసుకో, ఆ రెండో అట్ట పక్కన పెట్టు అని డాక్టరుగారు చెప్పినారు” అని చెప్పుటకు ఒక నిమిషం చాలును. తప్పు పడినచోట ఆ అవ్వయే, “నాకు ఆ జబ్బు లేదమ్మా” అని దిద్దగలదు. ఏ యంత్రమూ చేయలేని సవరణ అది.

మన కళాశాల విద్యార్థులలో అధికులు ఇట్టి పల్లెల నుండి వచ్చినవారే. తెలుగు, ఉర్దూ రెండూ ఎరిగినవారు కూడా చాలమంది ఉన్నారు. మీ ఇంటిలోని ఆ ప్లాస్టిక్ సంచిని ఈ సెలవులలో కిందికి దింపుడు. చీటీలను తేదీల వారీగా అమర్చుడు. మాత్రల అట్టలపై వ్యాపార నామం కాక, అసలు మందు పేరు చూచి ఒక కాగితంపై వ్రాయుడు. ఒకే పేరు రెండుసార్లు వచ్చినచో మీరే మందు మానిపించక, వెంటనే ఆరోగ్య కార్యకర్తకో, వైద్యునికో చూపుడు. పడని మందేదైనా ఉన్నచో ఎర్ర సిరాతో పైన వ్రాయుడు. రేపు ట్యాబ్ పట్టుకొని వచ్చు ఏ.ఎన్.ఎం.కు ఆ కాగితమే మొదటి పుట అగును. సంచిలో సత్యమున్ననాడే తెరమీద సత్యముండును.