ఇల్లు మారుతున్నారా? పదునుకు తొడుగు, విషానికి వేరే చోటు

ఏడాది కౌలు ముగిసి పొరుగూళ్లో చేను పట్టుకున్నా, అన్నదమ్ములు పంచుకుని వేరు కాపురం పెట్టినా ఇంటి సామానుతో పాటు వ్యవసాయ పనిముట్లూ కదలక తప్పదు. ఆషాఢం రాకముందే కొత్త ఇంట్లో పాలు పొంగించాలన్న తొందరలో మంచాలు, బీరువా, బియ్యం బస్తాలు జాగ్రత్తగానే సర్దుకుంటాం. పారలు, కొడవళ్లు, స్ప్రేయరు దగ్గరికొచ్చేసరికి 'ఏముందిలే, పొలం సామానే కదా' అని ట్రక్కులో ఓ మూల పడేస్తాం. చిక్కు వచ్చేది అక్కడే. గతుకుల దారిలో ట్రక్కు ఎగిరితే కొడవలి జారి పిల్లల కాలికి తగలవచ్చు. మందు డబ్బా మూత వదులైతే పక్కనున్న బియ్యం బస్తా తడవవచ్చు. మొదటిది ఒకరికి గాయం. రెండోది ఇంటిల్లిపాదికీ ప్రాణాపాయం.

కనుక రైతు సోదరులు, అక్కచెల్లెళ్లు మూడు మాటలు గుర్తుంచుకోవాలి. పదునుకు తొడుగు వేయాలి. విషానికి వేరే చోటు చూడాలి. మనుషులు ఆ ట్రక్కులో ఎక్కకూడదు.

వారం ముందే శుభ్రం చేయండి

పనిముట్లన్నీ ఒకచోట చేర్చి ఎన్ని ఉన్నాయో కాగితం మీద రాసుకోండి. పారకు, గునపానికి అంటిన మట్టిని చెక్కముక్కతో గీకి, కడిగి, ఎండలో ఆరబెట్టాలి. తడి మీదే గోనెపట్టా చుడితే లోపల తుప్పు పడుతుంది. తుప్పు ఉంటే గరుకు కాగితంతో రుద్ది, పారకు, పికాసికి వాడేసిన ఇంజను ఆయిలు పలచగా పూయవచ్చు. పశువుల మేత, కూరగాయలు కోసే కొడవళ్లకు, కత్తులకు మాత్రం ఆముదమో వంటనూనో పూయడం మంచిది.

గొడ్డలి, పికాసి కామలు కదిలి చూడండి. వదులుగా ఉంటే చీల కొట్టి బిగించాలి. తేలిగ్గా వచ్చే పార కామలను ఊడదీసి విడిగా కట్టుకుంటే చోటు కలిసొస్తుంది. ఏ కామ ఏ పారదో తెలిసేలా రెండింటికీ ఒకే అంకె వేసుకోండి.

పదునుకు తొడుగు

పత్రికల కాగితం చుడితే పదునుకు అడ్డు నిలవదు. దానికోసం కొత్తగా ఏమీ కొననక్కర్లేదు. పాత డ్రిప్పు పైపును కొడవలి పొడవున కోసి, పొడవునా చీల్చి అంచుకు తొడిగితే చక్కగా పట్టేస్తుంది. పైన పురికొస చుట్టాలి. రంపానికి చీల్చిన వెదురుబద్ద సరిపోతుంది. గొడ్డలికి సైకిలు టైరు ముక్క మడిచి కట్టాలి. గునపం మొనకు గోనెపట్టా నాలుగైదు మడతలు వేసి గట్టిగా బిగించాలి. కొడవళ్లన్నీ ఒకే వైపు తిప్పి పేర్చి, ఒక కట్టగా కట్టి, పైన 'పదును' అని పెద్ద అక్షరాలతో రాయండి. దించేవాళ్లకు అదే హెచ్చరిక.

నాగలి ఉంటే కర్రు, కాడి విడదీయాలి. గొర్రుకు జడ్డిగం, గొట్టాలు తీసి, గొట్టాలను వరుస తప్పకుండా తాడుతో కట్టుకుంటే విత్తే రోజున వెతుకులాట ఉండదు. బోల్టులు, చీలలు, నాజిళ్లు ఒక మూత డబ్బాలో వేసుకోండి.

స్ప్రేయరు, ఇంజను

స్ప్రేయరులో మందు చుక్క మిగలకుండా చూడాలి. మంచినీళ్లు పోసి మూడుసార్లు కడగాలి. ప్రతిసారీ కొంత నీటిని నాజిలు గుండా కూడా కొట్టాలి. ఆ నీటిని మందు కొట్టిన చేలోనే వదలాలి. కాలువలో, బావి దగ్గర పారబోయకూడదు. మూత తీసి ఆరబెట్టి, గొట్టం విడదీసి కట్టుకోండి. బ్యాటరీ స్ప్రేయరయితే స్విచ్చి ఆపారో లేదో చూసుకోవాలి. పెట్రోలుతో నడిచే యంత్రమైతే ట్యాంకు ఖాళీ చేసి, ఇంజను పూర్తిగా చల్లారాకే ఎక్కించాలి.

సామాను రైల్లో తీసుకెళ్లేవారు మరీ జాగ్రత్తపడాలి. ప్రమాదకరమైన వస్తువులు చట్టవిరుద్ధంగా తీసుకెళితే 1989 రైల్వే చట్టం 164వ సెక్షను కింద మూడేళ్ల వరకు జైలు, వెయ్యి రూపాయల వరకు జరిమానా లేదా రెండూ పడవచ్చు. పెట్రోలు, కిరోసిను వెంట తీసుకెళ్లవద్దు.

పురుగుమందులతోనే అసలు భయం

మిగిలిన మందును కొత్త ఇంటికి మోయకపోవడమే మేలు. సీలు తీయని డబ్బాలుంటే బిల్లు చూపించి దుకాణదారు వెనక్కి తీసుకుంటాడేమో అడగండి. తీసుకెళ్లక తప్పకపోతే అసలు డబ్బాలోనే, లేబులుతోనే తీసుకెళ్లాలి. సీసాల్లోకి, నూనె డబ్బాల్లోకి మార్చకూడదు. మూత బిగించి, ప్లాస్టిక్ బకెట్టులో నిలువుగా పెట్టి, చుట్టూ ఇసుకో రంపపుపొట్టో నింపాలి. కారినా అది పీల్చుకుంటుంది. బియ్యం, విత్తనాలు, దాణా, బట్టలు ఎక్కించిన ట్రక్కులో ఈ బకెట్టు పెట్టవద్దు. విడిగా మరో విడతలో తీసుకెళ్లండి. పురుగుమందులు తిండి పదార్థాలకు, పశువుల దాణాకు తగిలేలా రవాణా చేయరాదని 1971 నాటి పురుగుమందుల నిబంధనలూ చెబుతున్నాయి.

మందు పడిన బియ్యాన్ని కడిగి ఎండబెడితే సరిపోతుందనుకోవద్దు. కోళ్లకు కూడా వేయకూడదు. బస్తా పోతే పోయింది, మనిషి దక్కాలి.

ఖాళీ డబ్బాలను నూనెకో పప్పుకో పనికొస్తాయని దాచడం మరీ ప్రమాదం. బీహారులోని సారణ్ జిల్లా గండామన్ గ్రామంలో 2013 జులైలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది బడిపిల్లలు చనిపోయారు. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ కలిసినట్లు పరీక్షల్లో తేలింది. అందుకే ఖాళీ డబ్బాను మూడుసార్లు కడిగి, చిల్లులు పొడిచి, ఇళ్లకూ నీటి వనరులకూ దూరంగా పూడ్చేయాలి.

ఎక్కించేటప్పుడు, దించేటప్పుడు

గునపాలు, నాగలి వంటి బరువైనవి ట్రక్కు అడుగున పొడవునా పరిచి, ముందు పలకకు ఆనించి, రెండుచోట్ల తాడుతో బిగించాలి. ఏదీ వెనక తలుపు దాటి బయటకు పొడుచుకు రాకూడదు. చీకట్లో వెనక వచ్చే మోటారు సైకిలుకు అది కనబడదు. తేలికపాటివి పైన పెట్టాలి. సామాను మీద పిల్లల్నీ, కూలీలనూ కూర్చోబెట్టవద్దు. ఆటో ఖర్చు నాలుగైదు వందలు ఎక్కువైనా ఆస్పత్రి ఖర్చుకంటే తక్కువే.

కొత్త ఇంట్లో తాళం వేసే చోటు ముందే చూసుకోవాలి. మందులను నేరుగా అక్కడికే చేర్చి తాళం వేయండి. పదును కట్టలను కాళ్లకు చెప్పులున్న పెద్దవాళ్లే దించాలి. రాసుకున్న కాగితం ప్రకారం లెక్క చూసుకుని, పిల్లలకు అందని ఎత్తులో వేలాడదీయాలి. ఎవరికైనా ఇనుము గీసుకుంటే పసుపు అద్ది ఊరుకోవద్దు. సబ్బునీళ్లతో కడిగి, ఆరోగ్య కేంద్రంలో చూపించి ధనుర్వాతం సూది సంగతి అడగాలి. మందు ఒంటి మీద పడితే తడిసిన బట్టలు తీసేసి, సబ్బుతో కడిగి, డాక్టరు దగ్గరికి ఆ డబ్బా లేబులు కూడా తీసుకెళ్లాలి.

ఈ పనులకు పట్టేది ఒక పూట, అయ్యే ఖర్చు ఒక పురికొస ఉండ. ఏరువాక నాటికి పార పదునుగా, మనుషులు క్షేమంగా ఉంటే కొత్త ఊళ్లో సేద్యం సాఫీగా మొదలవుతుంది.