సెల్యులార్ జైలు నమూనా చేద్దాం

పోర్ట్ బ్లెయిర్‌లో చదివే మనకు సెల్యులార్ జైలు కొత్త కాదు. ఊరి నుంచి తాతయ్యో మామయ్యో వస్తే మొదట తీసుకెళ్లేది అక్కడికే. అయినా దాని నమూనా చేసేదాకా ఆ భవనం మాకు సరిగ్గా అర్థం కాలేదు. ఎలా చేశామో చెబుతాం, మీరూ చేయండి.

జైలు కట్టడం 1896లో మొదలై 1906లో పూర్తయింది. నడుమ కావలి గోపురం, దాని చుట్టూ సైకిల్ చక్రం ఊచల్లా ఏడు రెక్కలు, ఒక్కో రెక్కకు మూడు అంతస్తులు. ఇప్పుడు మిగిలినవి మూడు రెక్కలే. అందుకే అక్కడ నిలబడి చూస్తే మొత్తం ఆకారం తెలియదు.

మొదటి పని స్కేలు నిర్ణయించడం. మేము 1 మీటరుకు 1 సెంటీమీటరు తీసుకున్నాం. ఒక్కో గది 4.5 మీటర్ల పొడవు, 2.7 మీటర్ల వెడల్పు. కాగితం మీద అది 4.5 సెం.మీ., 2.7 సెం.మీ. అవుతుంది.

రెండోది ప్లాన్. అంటే పైకప్పు తీసేసి పైనుంచి చూస్తే కనిపించే బొమ్మ. 360 డిగ్రీలను ఏడుతో భాగిస్తే సుమారు 51 వస్తుంది. మా సులువు కోసం రెక్కలను అలా సమంగా పంచి, ఒక్కో అంతస్తులో అయిదు గదులే గీశాం.

మూడోది సెక్షన్. భవనాన్ని నిలువునా కోసినట్టు గీసే బొమ్మ. వెనుక గోడకు 3 మీటర్ల ఎత్తున చిన్న వెంటిలేటర్ ఉంటుంది. గదిలో 1.6 సెం.మీ. అట్ట మనిషిని నిలబెట్టి చూశాం. చెయ్యెత్తినా అందలేదు.

చివరిది నమూనా. పాత అట్టపెట్టెలు, కత్తెర, జిగురు చాలు. అట్టను కత్తితో కోయాల్సివస్తే పెద్దవాళ్ల సాయం తీసుకోండి.

ఇక్కడే తప్పు చేశాం. రెండు రెక్కల తలుపులను ఎదురెదురుగా అంటించాం. మాలో ఒకరు తలుపు దగ్గర కన్ను ఆనించి, “అవతలి గదులన్నీ కనిపిస్తున్నాయే!” అన్నారు. అసలు జైల్లో అలా లేదు. ఒక రెక్క ముందు భాగానికి ఎదురుగా పక్క రెక్క వెనుక గోడ ఉంటుంది. ఊడదీసి, ఏడు రెక్కల తలుపులూ గడియారం ముల్లు తిరిగే వైపుకే ఉండేలా అంటించాం. మళ్లీ చూస్తే ఎదుట గోడే. ఖైదీకి ఇంకో ఖైదీ ముఖం కనబడకూడదనే అలా కట్టారు. మన్యంలో రంప పోరాటం చేసినవారిలో కొందరిని ఈ ద్వీపాలకే పంపారు. ఆ సంగతి గుర్తొచ్చి కాసేపు ఎవరమూ మాట్లాడలేదు.

ఆర్కిటెక్చర్ విద్యార్థులు స్టూడియోలో చేసేదీ ఇదే: గీయడం, చేసి చూడడం, తప్పు దిద్దుకుని మళ్లీ గీయడం. విజయవాడలో 2008లో మొదలైన స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్‌లో ఈ చదువు ఉంది. లెక్కలూ బొమ్మలూ రెండూ ఇష్టమైనవారు గుర్తుపెట్టుకోండి.

మా అయిదుగురిలో ఒకరి నాన్నగారికి బదిలీ అయింది. నమూనా సామాన్లలో పట్టలేదు, బడిలోనే ఉంచాం. ప్లాన్ కాగితం మాత్రం చుట్టి ఇచ్చి పంపాం. మీకూ బదిలీ వస్తే, క్వార్టర్ ఖాళీ చేసేలోగా టేపుతో కొలిచి దాని ప్లాన్ గీసుకోండి. మీ మంచం ఎక్కడుండేదో, కిటికీ ఎటుండేదో అందులో ఉంటుంది.