ఓడ ప్రయాణానికి ముందు రోగి కుటుంబం తెలుసుకోవలసినవి

గత జనవరిలో మా వార్డు నుండి ఒక పెద్దమ్మ డిశ్చార్జి అవుతున్నది. ఆమెకు షుగరు, బి.పి. రెండూ ఉన్నాయి. కొడుకు నన్ను పక్కకు పిలిచి, "సిస్టర్, మా చెల్లె అండమాన్‌లో ఉంటది. వచ్చే నెలాఖరుకు కాన్పు. అమ్మను ఓడలో తీసుకపోవచ్చా?" అని అడిగాడు. మంచం మీద నుండి ఆ తల్లి, "బిడ్డ కాన్పుకు నేను లేకుంటే ఎట్లా సిస్టరమ్మా?" అన్నది. ఆ రోజు వారికి చెప్పిన సంగతులే ఈ పాఠం.

రైలుకు, ఓడకు తేడా

వికారాబాద్ నుండి సికింద్రాబాద్ వెళ్లి, అక్కడ రాత్రి రైలు ఎక్కితే తెల్లవారేసరికి విశాఖపట్నం చేరుతాము. దారిలో ఒంట్లో బాగా లేకపోతే తర్వాతి స్టేషనులో దిగి ఆసుపత్రికి పోవచ్చు. విశాఖ నుండి పోర్ట్ బ్లెయిర్‌కు సముద్రం మీద సుమారు 1,200 కిలోమీటర్లు. 2024లో ఆ ఊరి పేరు శ్రీ విజయపురం అని మార్చారు. ఓడకు రెండున్నర నుండి మూడు రోజులు పడుతుంది. మధ్యలో దిగడానికి ఊరు లేదు, ఫోను సిగ్నలు ఉండదు. ఓడలో డాక్టరు ఉంటారా అని టికెట్టు తీసుకునేటప్పుడే అడగండి. ఉన్నా, పెద్ద ఆసుపత్రిలో ఉండే వసతులన్నీ అక్కడ ఉండవు. కాబట్టి ఓడలో అవసరమయ్యేవన్నీ ఇంటి దగ్గరే సిద్ధం చేసుకోవలెను.

1. ముందుగా డాక్టరును అడగండి

ఈ మధ్య గుండెపోటు వచ్చినవారు, ఆపరేషను అయినవారు, ఆయాసం, ఫిట్స్ ఉన్నవారు, నెలలు నిండిన గర్భిణులు డాక్టరు సలహా లేకుండా ఓడ ఎక్కరాదు. హైదరాబాదు నుండి విమానంలో కొన్ని గంటల్లోనే చేరవచ్చు. ఖర్చు ఎక్కువైనా కొందరికి అదే మంచిది. అయితే విమానానికి కూడా డాక్టరు అనుమతి కావాలి.

2. కాలం చూసుకోండి

జూన్ నుండి సెప్టెంబరు వరకు వానగాలికి సముద్రం అల్లకల్లోలంగా ఉంటుంది. అక్టోబరు నుండి డిసెంబరు వరకు బంగాళాఖాతంలో తుఫానుల భయం. జనవరి నుండి ఏప్రిల్ మొదటి వరకు సాధారణంగా నెమ్మదిగా ఉంటుంది. విశాఖ నుండి ఓడలు తక్కువ, చెన్నై, కోల్‌కతాల నుండి ఎక్కువ. తేదీలు మారుతుంటాయి కాబట్టి చేతిలో కొన్ని రోజులు ఎక్కువగా ఉంచుకోండి.

3. మందులు చేతిసంచిలోనే

ప్రయాణానికి ఎన్ని రోజులు పడుతుందో లెక్కించి దానికి రెండింతల మందులు తీసుకోండి. వాటిని పెద్ద పెట్టెలో పెట్టకండి. మందుల చీటీ, ఈ.సి.జి., డిశ్చార్జి కాగితం నకళ్లు ప్లాస్టిక్ కవరులో వెంట ఉంచండి. ఇన్సులిన్ సీసాను కవరులో పెట్టి, పైన తడిగుడ్డ చుట్టి, ఎండ తగలని చోట ఉంచండి. మంచుగడ్డకు నేరుగా తగలనీయకండి. గడ్డకట్టిన ఇన్సులిన్ పనికిరాదు.

4. వాంతులు, తల తిప్పు

ఓడ ఊగుతున్నదని చెవిలోపలి భాగం మెదడుకు చెబుతుంది. గదిలో కూర్చున్న మన కళ్లు మాత్రం అంతా కదలకుండా ఉన్నదని చెబుతాయి. ఈ రెండూ పొసగక వికారం పుడుతుంది. ఓడ మధ్యభాగంలో, కింది అంతస్తులో ఊపు తక్కువ. బంకు క్లాసులో పెద్దవారికి కింది పడకే అడగండి. బయట కూర్చుని దూరంగా నింగి, నీరు కలిసేచోట చూస్తే హాయిగా ఉంటుంది. కడుపు ఖాళీగా ఉంచకండి, నూనె పదార్థాలు వద్దు. అవోమిన్ వంటి మాత్ర వాంతులు మొదలయ్యాక కాదు, ఓడ కదలడానికి గంట, రెండు గంటల ముందే వేసుకోవలెను. దానితో మగత వస్తుంది. గ్లాకోమా, ప్రోస్టేట్ వాపు ఉన్నవారు, పెద్దవారు డాక్టరును అడిగే వాడాలి. రెండేళ్లలోపు పిల్లలకు ఇవ్వరాదు. వాంతులైతే ఓ.ఆర్.ఎస్. పొడి ప్యాకెట్టు మొత్తం ఒక లీటరు మంచినీటిలో కలిపి, కొంచెం కొంచెంగా తాగించండి.

5. షుగరు ఉన్నవారికి

మందు వేసుకుని తిన్నది కక్కితే షుగరు పడిపోవచ్చు. చెమట, వణుకు, తికమక మాటలు కనబడితే వెంటనే మూడు చెంచాల చక్కెర లేదా గ్లూకోజు నీళ్లలో కలిపి ఇవ్వండి. పావుగంట తర్వాత మళ్లీ పరీక్షించండి. స్పృహ లేనివారి నోట్లో ఏమీ పోయరాదు, వెంటనే ఓడ సిబ్బందిని పిలవండి. తినలేని రోజున ఏ మందు తగ్గించాలి, ఏది ఆపరాదు అన్నది డాక్టరు చేత ముందే రాయించుకోండి. ఇన్సులిన్‌ను మీ అంతట మీరు పూర్తిగా మానిపించకండి.

6. పడిపోకుండా

ఓడ మెట్లు ఏటవాలుగా, తడిగా ఉంటాయి. రెండు చేతులతో కమ్మీ పట్టుకోవలెను. రాత్రి బాత్రూముకు తోడు వెళ్లండి, టార్చిలైటు ఉంచుకోండి. ఎప్పుడూ పడుకోక పగలు కొంచెం నడిపించండి, కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా ఉంటుంది.

దిగిన తర్వాత అవసరమైతే ఊర్లోనే గోవింద్ వల్లభ్ పంత్ ప్రభుత్వ ఆసుపత్రి ఉన్నది. అక్కడ తెలుగువారు చాలామంది స్థిరపడ్డారు, భాషకు ఇబ్బంది పడరు.

ఆ పెద్దమ్మ సంగతి

డాక్టరుగారు చూసి, షుగరు అదుపులోకి వచ్చేవరకు రెండు వారాలు ఆగమన్నారు. ఆమె అలిగింది. కొడుకు మాత్రం టికెట్టు తేదీ మార్చుకున్నాడు. ఓడలో రెండో రాత్రి ఆమెకు వాంతులై చెమటలు పట్టాయట. గ్లూకోజు డబ్బా తల దగ్గరే ఉన్నది, ఎంత ఇవ్వాలో కొడుకుకు తెలుసు. మార్చిలో ఫోను చేసి, "మనవరాలిని ఎత్తుకున్న సిస్టరమ్మా" అన్నది.

ఇంట్లో కూర్చుని ఆలోచించండి: మీ రోగి మందుల పేర్లు ఆయనకు గాక మరెవరికి తెలుసు? కనీసం ఇద్దరికి నేర్పిన తర్వాతే ప్రయాణం పెట్టుకోండి.